బోర్కుమను నాటకమునందలి సోదరీసమాగమము

విడివడినవారు నాటకాంతమునఁ గలిసికొనుట మన సంప్రదాయమునకు క్రొత్త గాదు. శాకుంతలమున సర్వదమనుఁడు తండ్రి యొడిఁ జేరుటయు, ఉత్తరరామచరితమున సీతారాములు మఱలఁ గలియుటయు నిర్వహణసంధికి సుప్రసిద్ధములైన యుదాహరణములు. అట్టి కలయిక ఫలప్రాప్తి. సామాజికుఁడు మొదటినుండియు దానికొఱకే యెదురుచూచును. కాని కలిసికొనుటకు వలసినవన్నియు నశించిన పిమ్మట, ఫలమనఁదగిన దేదియు మిగులనిచోట, ఇరువురు తోఁబుట్టువులు చేయి చేయి కలిపినచో దానిని నిర్వహణమనవలెనా, లేక వారి పతనమునకు వేసిన కడపటి ముద్ర యనవలెనా? నార్వేదేశపు నాటకకర్త హెన్రిక్ ఇబ్సెను రచించిన ‘జాన్ గాబ్రియెల్ బోర్కుమను’ అను నాటకము ఈ ప్రశ్నను మిక్కిలి తీవ్రముగాఁ బుట్టించుచున్నది. ఈ నాటకమును గూర్చిన చర్చలలో నాయకుఁడైన బోర్కుమనుని ధనాశయు, అధికారకాంక్షయు, అతని మరణమునే తఱచుగఁ బరిశీలింపఁబడినవి. నాటకమును మొదలుపెట్టునదియు, ముగించునదియుఁ గూడ ఇద్దఱు స్త్రీలే యను విషయమునకుఁ దగినంత ప్రాధాన్యము లభింపలేదు.

ఇబ్సెను 1828లో నార్వేదేశమున షీయెన్ పట్టణమున జన్మించి 1906లో క్రిస్టియానియా నగరమున, అనఁగా నేఁటి ఆస్లోలో, మరణించెను. 1864 మొదలు 1891 వఱకు ఇరువదియేడేండ్లు అతఁడు విశేషముగా ఇటలీ, జర్మనీ దేశములలోఁ గడపెను. స్వదేశమునకు మరలివచ్చిన పిదప వ్రాసిన నాలుగు నాటకములలో నిది మూఁడవది. 1896 డిసెంబరులో నిది ముద్రితమైనది. 1897 జనవరి 10వ తేదిని హెల్సింకి నగరమున ఫిన్నిష్ భాషలో నొక రంగశాలయందును, స్వీడిష్ భాషలో వేఱొక రంగశాలయందును ఒక్కనాఁడే తొలిసారి ప్రదర్శింపఁబడినది. విలియం ఆర్చరుగారి ఆంగ్లానువాదము 1897లో వెలువడినది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము తొలికూర్పు వెలువడినదియు నా వత్సరముననే. ఇది కాలసామ్యమాత్రమే. అందు సంఘము రచ్చకెక్కినది. ఇందు ఒక కుటుంబము తలుపులు మూసికొని కూర్చున్నది.

ఇతివృత్తము సంగ్రహముగా నిట్టిది. గనిపనివాని కొడుకైన బోర్కుమను ఒక బ్యాంకునకు అధికారియై, భూగర్భమునందలి లోహసంపదను వెలికిఁ దీసి దేశమునకెల్ల ఐశ్వర్యము గల్పింతునను మహత్తరమైన తలంపుతో, పరుల నిక్షేపములను తన కార్యములకు వాడుకొనెను. గుట్టు బయటపడి మూఁడేండ్లు విచారణబంధమునను, అయిదేండ్లు చెఱసాలయందును గడపెను. విడుదలయైన పిదప నెనిమిదేండ్లుగా నింటి మేడమీఁది పొడవైన గదిలో నొంటరిగాఁ బచారుచేయుచున్నాఁడు. క్రింది యంతస్తున భార్య గున్హిల్డు ఉన్నది. ఎనిమిదేండ్లలో నాలుమగలు మాటాడుకొనలేదు. పైనుండి వినవచ్చు భర్త యడుగుల చప్పుడే వారి దాంపత్యమునకు మిగిలిన గుఱుతు. ఆ ధ్వని యామెకు బోనులోని రోగిష్ఠి తోఁడేలు తిరుగుచున్నట్లు తోఁచును.

గున్హిల్డునకు కవల తోఁబుట్టువు ఎల్లా రెంట్‌హైము. బోర్కుమను మొదటఁ బ్రేమించినది ఎల్లానే. కాని ఆమెను గోరిన హింకెలను న్యాయవాది సాహాయ్యము లేక బ్యాంకు పదవి లభింపదని యెఱిఁగి, ఆ పదవికొఱకై యామెను వదలుకొని గున్హిల్డును వివాహమాడెను. ఎల్లా హింకెలును నిరాకరించెను. అది బోర్కుమనుని ప్రేరణయే యని తలంచి పగఁబట్టిన హింకెలు అతని రహస్యము బయటపెట్టెను. అందఱి సొమ్మును దాఁకిన బోర్కుమను ఎల్లా సొమ్మును మాత్రము ముట్టలేదు. ఆ సొమ్ముతోనే యామె వేలములో రెంట్‌హైము వంశపు గృహమును గొని, తోఁబుట్టువు కుటుంబమునకు నిలువనీడ గల్పించినది. వారి కొడుకు ఎర్హార్టును బాల్యమునఁ గొంతకాలము తానే పెంచినది. తరువాతఁ దల్లి వానిని మఱలఁ దనయొద్దకుఁ దెచ్చుకొనెను. ఇది పూర్వకథ. నాటకమారంభమగునప్పటికి ఎల్లా మరణాంతకమైన వ్యాధికి లోనై, ఆ శీతకాలమునకు మించి జీవింపనని యెఱిఁగి, చలికాలపు సాయంకాలమున నొకనాఁడు తోఁబుట్టువు వాఁకిటఁ బ్రవేశించుచున్నది.

నాలుగంకముల కథయు ఆ యొక్క రాత్రిలోనే ముగియును. ఒక యంకము ముగిసిన తావుననే మఱియొకటి మొదలగును. ప్రథమాంకమున గున్హిల్డు గదిలో వినవచ్చిన సంగీతమునే ద్వితీయాంకారంభమున మేడమీఁద ఫ్రీదా యను బాలిక వాయించుచుండఁగాఁ జూతుము. ఆ సంగీతము ఫ్రెంచి స్వరకర్త సాఁ-సాన్స్ రచించిన మృత్యునృత్యము. ఎనిమిదేండ్లు కదలని జీవితములను ఒక్క రాత్రిలోఁ గదలించి ముగించుటకు ఇట్టి కాలసంకోచమవసరము. కథకుఁడు విరామమిచ్చినచో పాత్రలు మఱల నెవరిగదిలోనికి వారు పోయి తలుపు మూసికొందురు. ఇబ్సెను వారికాయవకాశమియ్యలేదు.

సమాగమము తుది నిమిషమునఁ దెచ్చిపెట్టిన యలంకారమనియు, నాటకము మొదటినుండి వైరమునే పోషించి యంతమున మాత్రము హస్తస్పర్శ కల్పించుట కృత్రిమమనియు ఆక్షేపింపవచ్చును. ఈ యాక్షేపము నిలువవలెనన్నచో నిర్వహణమునకు బీజము ముఖసంధియందు లేదని చూపవలెను. కాని ప్రథమాంకమును సావధానముగాఁ జదివినచో బీజము స్పష్టముగాఁ గన్పట్టును.

ప్రథమాంకమున వారిరువురు ఎదురెదురుగా నిలుచు దృశ్యము ఇబ్సెను కళకు పరాకాష్ఠ. ఎనిమిదేండ్ల తరువాత మాటాడుకొనుచున్నారు. అయినను కౌఁగిలింత లేదు, కన్నీరు లేదు. ఒకరినొకరు చూచికొని వయస్సు మీఱినదని గమనింతురు. రూపమున సామ్యము నిలిచియే యున్నది. అయితే గున్హిల్డు ముఖమునఁ గాఠిన్యమును, ఎల్లా ముఖమున దుఃఖమును దాని వన్నె మార్చినవి. పిదప సంభాషణమంతయు నొక లెక్కపత్రము. ఎవరు ఎవరికేమి యిచ్చిరి, ఎవరు ఎవరిదేమి తీసికొనిరి, ఈ యిల్లెవరిది, ఈ యన్నమెవరిది, ఈ కొడుకెవ్వరివాఁడు అనునదే విషయము. గున్హిల్డునకుఁ గొడుకు తన పరువును నిలువఁబెట్టవలసిన సాధనము. తండ్రి మలినపఱచిన పేరును వాఁడు తన జీవితముతోఁ గడిగివేయవలెను. ఎల్లాకు వాఁడు తన తుదిదినములలోని ప్రేమకాశ్రయము. తన తరువాత రెంట్‌హైము నామమును ధరింపవలసినవాఁడు. ఒకతె యొక పేరును గడిగించుటకును, ఒకతె యొక పేరును నిలిపించుటకును వానినిఁ గోరుచున్నారు. వానికేమి కావలెనో యడిగినవారు లేరు.

ఈ లెక్కపత్రము నడుమ నొక క్షణము వేఱు విధముగా నడచును. కొడుకుకొఱకుఁ బోరాడుటకు సిద్ధపడిన వేళ, పూర్వమొక పురుషునికొఱకును తామిట్లే ప్రాణములొడ్డి పోరితిమని ఎల్లా జ్ఞప్తికిఁ దెచ్చును. అందుఁ దానే గెలిచితినని గున్హిల్డు గర్వించును. ఆ గెలుపువలన నీకేమి లభించినదని ఎల్లా ప్రశ్నించును. ఏమియు లేదని గున్హిల్డు చీఁకటి కమ్మిన స్వరముతో నొప్పుకొనును. ఇదియే బీజము. వైరము మిక్కిలి యెత్తునకుఁ బెరిగిన తావున, గెలిచినదియు నోడినదియు ఒక్కటే పోఁగొట్టుకొనిరని యిద్దఱు నేకీభవించుచున్నారు. మఱుక్షణమే పగ మఱలఁ గమ్మును. బీజము మంచుక్రింద విత్తనమువలె దాఁగియుండును. తక్కిన మూఁడంకములు దానిని వెలికిఁ దెచ్చుటకే యున్నవి.

ద్వితీయాంకమున ఎల్లా మేడయెక్కి బోర్కుమనునిఁ జూచును. పదవికొఱకుఁ దన్ను వేఱొకనికి వదలివేసినట్లు అతఁడొప్పుకొనఁగా, ఒక ప్రాణియందలి ప్రేమించు శక్తినే చంపుట క్షమలేని పాపమని యామె యతనిపై నేరము మోపును. పిదప ఎర్హార్టు తన వంశనామమును ధరించుటకు అనుమతి వేఁడును. అతఁ డనుమతించును. ఆ క్షణముననే గున్హిల్డు తలుపు తెఱచికొని వచ్చి యట్టిది జరుగనేరదని ఘోషించును. ఎనిమిదేండ్లలో నామె భర్త గదిగడపను దాఁటివచ్చినది భర్తకొఱకుఁ గాదు, తోఁబుట్టువుతోఁ బోరుకొఱకు. తృతీయాంకమున బోర్కుమను క్రిందికి దిగివచ్చును. తల్లి యొకవైపు, పెంపుతల్లి యొకవైపు, క్రొత్తగాఁ దన పనులలోఁ దోడు రమ్మను తండ్రి యొకవైపు ఎర్హార్టును లాగుదురు. వాఁడు మువ్వురిని విడచి, తనకంటె నేడేండ్లు పెద్దదైన ఫాన్నీ విల్టనుతో దక్షిణదేశములకుఁ బోవుదునని ప్రకటించును. యౌవనము తనకుఁ గలదని, జీవించుటయే తన పని యని వాని వాదము.

ఇచ్చట గమనింపఁదగిన విశేషమొకటి కలదు. కొడుకు పోయినప్పుడు అక్కచెల్లెండ్రిరువురు నొక్కసారియే యోడిపోయిరి. సామాన్యుఁడైన నాటకకర్త యీ తావుననే వారిని గలిపియుండును. ఇబ్సెను కలుపలేదు. కారణమేమి? ఆశ యింకను మిగిలియున్నది. చతుర్థాంకారంభమున గున్హిల్డు మంచులోనికిఁ బరుగెత్తి, బండి వెంటఁబడి కొడుకును బిలువఁజూచును. ఎల్లా యామెను వారించి, వాఁడు తన సుఖమును దాను వెదకికొనుఁగాక యని విడచిపెట్టును. నష్టమొక్కటే, కాని దానిని గ్రహించిన తీరు వేఱు. ఒకతె చేయి విడచినది. ఒకతె పిడికిలి విప్పలేదు. పిడికిలితో నున్న చేతిని మఱియొక చేయి పట్టుకొనఁజాలదు. కనుకనే సమాగమ మింకొక నష్టమువఱకు వేచియుండవలసినది.

ఆ బండియే మార్గమధ్యమున విల్హెల్మ్ ఫోల్డాలను వృద్ధగుమాస్తాను పడఁద్రోసి పోవును. అతఁడు బోర్కుమనునికిఁ గల యొకేయొక మిత్రుఁడు, ఫ్రీదాకుఁ దండ్రి. కూఁతురు ఆ బండిలోనే వెళ్లిపోయినదని తెలిసియు, కుంటుచు, కండ్లజోడు పోఁగొట్టుకొనియు, ఆమె వెండిగంటల బండిలో దేశాంతరమునకుఁ జదువుకొనఁబోవుచున్నదని యతఁడు సంతసించును. ఈ ఘట్టము హాస్యచ్ఛాయ గలదైనను అప్రస్తుతము గాదు. పోఁగొట్టుకొనియుఁ బగఁబట్టనివాఁడొకఁడు సోదరీమణుల యెదుట ప్రమాణముగా నిలువఁబడినాఁడు. బిడ్డను బిడ్డ సుఖముకొఱకు విడచుట యెట్లో ఆ యమాయకుఁడు చూపినంతగా నాటకమున నింకెవ్వరును జూపలేదు.

పిదప బోర్కుమను ఇల్లు విడచి మంచులో నడచును. ఎల్లా వెంటఁబోవును. వారు కొండమీఁది బల్ల చెంతకుఁ జేరుదురు. పూర్వము ప్రేమికులుగాఁ గూర్చున్న తావదియే. అచ్చటఁ దన మనోరాజ్యమును, గనులను, కర్మాగారములను, ఓడలను గాంచుచు బోర్కుమను మరణించును. గున్హిల్డు సేవకురాలితో లాంతరు వెలుఁగునఁ జేరును. ఆమె మొదటి ప్రశ్న యతఁడు తనంతటఁ దాను ప్రాణము దీసికొనెనా యని. లోకాపవాదభయము ఈ ప్రశ్నలో నింకను జీవించియున్నది. కాదని ఎల్లా చెప్పును. చలి యతనిని జంపినదని యొకరనఁగా, ఆ చలి యేనాఁడో చంపినదని మఱియొకరందురు. తమ్మిద్దఱను నీడలుగాఁ జేసినదియు నదియే యని ఎల్లా చేర్చును. గున్హిల్డు కాదనదు.

ఈ చలి హఠాత్తుగా రాలేదు. ప్రథమాంకమున వెచ్చని గదిలోఁ గూర్చుండియు గున్హిల్డు శాలువ కప్పుకొని, తనకెల్లప్పుడును జలియే యని పలికినది. నాఁడది శరీరధర్మమువలెఁ దోఁచినది. తుదియంకమున నదియే కథకు నిదానమైనది. ఆలంకారికుల పరిభాషలోఁ జెప్పవలెనన్నచో హిమము మొదట నుద్దీపనవిభావమై, క్రమముగాఁ బాత్రల స్థితికే పర్యాయమైనది. చిత్రకారుఁడు ఎడ్వర్డ్ మూంక్ ఈ నాటకమును స్కాండినేవియా కళలోని మిక్కిలి బలవత్తరమైన శీతకాలచిత్రముగాఁ బ్రశంసించెనని ప్రసిద్ధి. 1897లో ప్యారిసు నగరమున జరిగిన ప్రదర్శనకు ప్రకటనచిత్రమును రచించినదియు నతఁడే. మూంకు ప్రశంస దృశ్యమునకే కాక సోదరీమణుల సంబంధమునకును సరిపోవును.

హస్తమును మొదటఁ జాచుటకు ప్రేరేపించినది గున్హిల్డు. ఇక మన మిద్దఱము చేతులు కలుపవచ్చునను భావమును ఆమెయే వెలిపుచ్చును. ఎల్లా సమ్మతించును. నాటకమంతటను కఠినయై, యేమియు నియ్యక, యేమియు విడువకున్న స్త్రీయే తొలుతఁ గదలినది. ఆమె బల్ల వెనుక, ఎల్లా బల్ల ముందు, మధ్య శవము. ఇద్దఱును బ్రేమించినవానిమీఁదుగాఁ గవలతోఁబుట్టువుల చేతులు కలిసినవని గున్హిల్డు భావించును. మృతునిమీఁదుగా రెండు నీడలు కలిసినవని ఎల్లా తాత్పర్యము. ఈ రెండు భావములకును గల తారతమ్యమే నాటకసారము. తోఁబుట్టువు ప్రేమ సమానమను సత్యమును ఇన్నాళ్లకు నొప్పుకొని గున్హిల్డు బంధుత్వమును మఱలఁ బొందుచున్నది. దానిని బొందిన నాఁటికిఁ దాము మిగిలినది నీడలుగానే యని ఎల్లా యెఱుఁగును. ఒకతె మాట సమాగమము, ఒకతె మాట దాని వెల. ఇబ్సెను రెండవ మాటతో ముగించెను, మొదటిదానిని గొట్టివేయలేదు.

ఇఁక రసవిచారము. కరుణమునకును విప్రలంభమునకును భేదము చెప్పుచు భరతముని, మొదటిది నిరపేక్షభావము, రెండవది సాపేక్షభావమని నిర్ణయించెను. అనఁగా మఱలఁ గలయుదుమను నాశ యున్నంతవఱకు విప్రలంభము, ఆశ తెగినచోఁ గరుణము. స్త్రీపురుషుల ప్రేమ విషయమున నీ నియమము సులభముగా నన్వయించును. ఆశ ప్రేమను బోషించును, నిరాశ శోకమును బుట్టించును. ఇబ్సెను నాటకమున నీ క్రమము తలక్రిందైనది. సోదరీమణులయందు నాశ యున్నంతవఱకు ద్వేషము పోషింపఁబడినది. ఆశ తెగిన పిమ్మటనే స్నేహము పుట్టినది. వారి యాశ యొకరినొకరు చేరుటకొఱకుఁ గాదు. ఒకే వస్తువును, మొదటఁ బురుషుని, పిదపఁ గొడుకును, తానొక్కతెయే పొందుటకొఱకు. వస్తువు నశించినఁగాని యాశ నశింపదు, ఆశ నశించినఁగాని తోఁబుట్టువు కంటఁబడదు. కావున నిచ్చటి కరుణము సమాగమమునకు విఘాతము గాదు, దానికిఁ ద్వారము. ఈ నాటకము లక్షణవేత్తల యెదుట నుంచు నూతనవిషయమిదియే.

ఆంధ్రపాఠకులకు నాదిపర్వమునందలి కద్రూవినతల కథ యిచ్చట స్ఫురింపక మానదు. అందును తోఁబుట్టువులిద్దఱు నొక్క పురుషుని బొందినవారే. అందును గలహము సంతానముమూలముననే సాగినది. వేయిమంది కొడుకులను గోరిన కద్రువ, గుఱ్ఱపు తోఁక నల్లచేయనొల్లనందుకు వారిని సర్పయాగమున దగ్ధులగుఁడని శపించెను. కొడుకును తన పంతమునకుఁ బనిముట్టుగాఁ జూచు తల్లి యను విషయమున కద్రువకును గున్హిల్డునకును దూరము లేదు. తొందరపడి గ్రుడ్డు చిదిపి యనూరుని బొందిన వినత పుత్రునికిఁ గీడు చేసి దాస్యము ననుభవించినది. గరుత్మంతుఁడు అమృతము దెచ్చి తల్లిని విడిపించెను. కాని తోఁబుట్టువుల హృదయములు కలిసినట్లు కథ చెప్పదు. దాస్యవిముక్తి గలిగినది, వైరవిముక్తి గలుగలేదు. ఎర్హార్టు గరుత్మంతుఁడు గాఁడు. వాఁడు తల్లిని విడిపింపలేదు, తన్ను దాను విడిపించుకొనెను. విచిత్రమేమనఁగా, విడిపింపవచ్చినవాఁడు చేయలేని సంధిని విడిచిపోయినవాఁడు సుసాధ్యము చేసినాఁడు. పురాణమున గెలుపోటములు తేలినవి, కనుక సంధికిఁ దావులేదు. ఇచ్చట నిద్దఱు నోడిరి, కనుక సంధికిఁ దావు గలిగినది.

నాయకుని మరణమును రంగమునఁ జూపుట దశరూపకకర్త ధనంజయుఁడు నిషేధించిన విషయము. ఆ నిషేధమును మీఱినదని మాత్రమే ఈ నాటకమును ద్రోసిపుచ్చరాదు. 1912లో గణపతిశాస్త్రిగారు తిరువనంతపురమునఁ బ్రకటించి భాసకృతములుగా నిర్ణయించిన రూపకములలో ఊరుభంగము దుర్యోధనుని మరణమును బ్రత్యక్షముగాఁ జూపుచున్నది. నిషేధమునకు మూలము, మరణదర్శనము రసమును జెఱచునను భయము. ఇబ్సెను నాటకమున మరణము రసమును జెఱచుటలేదు. రసమంతయుఁ బ్రవహింపవలసిన ద్వారము తెఱచుచున్నది. బోర్కుమను తెరమఱుఁగున మరణించినచో నా చేతులు కలియుటకు స్థలమే లేదు. శవము వారి నడుమ నుండవలెను. జీవించియున్నప్పుడు వారిని విడఁదీసిన దేహమే మరణించి వంతెనయైనది.

నాటకమునఁ గొఱఁతలు లేకపోలేదు. ఫాన్నీ విల్టను పాత్ర కావలసినంత గంభీరముగా రూపొందలేదు. ఆమె కథకుఁ దలుపువలె నుపయోగపడినది గాని గృహమువలెఁ బరిశీలింపఁబడలేదు. ఎర్హార్టు వాదము యౌవనోద్రేకమునకుఁ దగియున్నను, పెంచిన తల్లి మరణాసన్న యని యెఱిఁగిన పిదపఁ గూడ వాఁడంత తేలికగా వెడలిపోవుట సామాజికుని మనస్సునకు వెలితిగాఁ దోఁచును. కథకంతటికి మూలమైన హింకెలు రంగమునకే రాఁడు. అతని పగ వినికిడి మాత్రమే. అయినను ఈ కొఱఁతలన్నియుఁ గథ యంచులయందున్నవి. సోదరీమణులు నిలిచిన మధ్యస్థానమున రేఖ లెక్కడను జెదరలేదు.

రంగస్థలమున నీ నాటకము నిలుచుటయుఁ బడుటయు నిద్దఱు నటీమణులపై నాధారపడియున్నది. 1975లో లండనునందలి జాతీయరంగశాలవారి ప్రదర్శనమున రాల్ఫ్ రిచర్డ్‌సను బోర్కుమనుగా నటింపఁగా, పెగ్గీ ఆష్‌క్రాఫ్టు ఎల్లా పాత్రను, వెండీ హిల్లరు గున్హిల్డు పాత్రను ధరించిరి. 1996లో నా రంగశాలయందే వనెస్సా రెడ్‌గ్రేవు, ఐలీన్ ఆట్కిన్సు ఆ పాత్రలను నిర్వహించిరి. ప్రసిద్ధనటీమణులనే యీ జోడునకు నియోగించుట యూరక గాదు. ఒకతె బలహీనయైనచోఁ బోరు సమానము గాదు. పోరు సమానము గానిచో సంధి దయాభిక్షగా మాఱిపోవును. కవలలను జేయుటలో నిబ్సెను తాత్పర్యమిదియే. వారిలోఁ బెద్ద యెవ్వరో, చిన్న యెవ్వరో నాటకము నిర్ణయింపదు.

ఈ సందర్భమున నాంధ్రీకరణమునకుఁ బూనువారు రెండు విషయములు గమనింపవలెను. నార్వేభాషలో సోదరిని దెలుపుటకు వయోభేదము లేని యొక్క పదమే చాలును. తెలుఁగున ‘అక్క’ యనక ‘చెల్లి’ యనక సంబోధించుట కష్టము. ప్రథమాంకమున నొకతె ‘అక్కా’ యని పిలిచినచో తొలిమాటతోనే పోరు సగము ముగియును. ఆ పిలుపులోనే వినయమును, హక్కును వచ్చిచేరును. మూలమునందువలెఁ బేళ్లతోఁ బిలుచుకొనుట మన చెవికిఁ గటువైనను ఇచ్చట నా కాటవమే కావలసినది. రెండవది తెలుఁగునకు లాభము. నార్వేభాషలో ‘మేము’, ‘మనము’ అను భేదము లేదు, రెంటికి నొకటే సర్వనామము. తెలుఁగున గున్హిల్డు కడపట ‘మన మిద్దఱము’ అని పలికిన క్షణమున, నాటకమంతట ‘నాది’, ‘నీది’ అని సాగిన లెక్కపత్రము చినిఁగిపోయినదని శ్రోతకు వెంటనే బోధపడును. మూలమున సందర్భముచేత నూహింపవలసిన దానిని మన వ్యాకరణమే పలికింపఁగలదు.

కావున నీ నాటకాంతమును పతనముద్రగా మాత్రమే యెన్నుట యుక్తము గాదు, మంగళాంతమనుట యంతకంటె నయుక్తము. కలిసిన చేతులకు వెచ్చఁదనము లేదు. ఎల్లాకు దినములు లెక్కయందున్నవి. గున్హిల్డునకు శూన్యగృహము మిగిలినది. మేడమీఁది యడుగుల చప్పుడు సైత మిఁక వినిపింపదు. అయినను ముఖసంధియందు నాటిన బీజము, గెలుపు గెలుపు గాదను నెఱుక, నిర్వహణమున ఫలించినది. ఆ ఫలము సుఖము గాదు, సత్యము. తోఁబుట్టువు తోడుగా లభించినది, తోడుగా ననుభవించుటకు లోకమునఁ బంచుకొనవలసిన వస్తువేదియు లేని వేళ. పంచుకొనలేక విడిపోయినవారు పంచుకొనుటకేమియు లేనప్పుడు కలిసిరనుటయే ఇబ్సెను చూపిన కఠోరవాస్తవము. బోర్కుమను గాంచిన మహారాజ్యము మంచులోఁ గరఁగిపోయినది. అతఁడు గమనింపక విడచిన యల్పరాజ్యము, రెండు చేతుల మేరది, అతని శవముపై నొక్క క్షణము నిలిచినది.